మొండితనమా, పట్టుదలా? లొంగని మనిషికి సరైన మాట ఎంచుకోవడం ఎలా

మా పెద్దమ్మ పోయి ఏడాది నిండినప్పుడు ఇంట్లోవాళ్లం ఒక చిన్న జ్ఞాపకాల పుస్తకం వేశాం. అందులో ఆమె గురించి రెండు పేజీలు రాయడం నా వంతుకు వచ్చింది. "దృఢ సంకల్పం, అకుంఠిత దీక్ష కలిగిన మహిళ" అని మొదలుపెట్టాను. అమ్మ చదివి కాగితం పక్కన పెట్టేసింది.

"ఇది ఎవరి గురించి రాశావు? అక్క మొండిది. ఆ మాట ఎక్కడా లేదేం?"

"మొండిది అని రాస్తే తిట్టినట్టుంటుంది కదమ్మా."

"ఇప్పుడు నేను తిట్టినట్టు వినిపించిందా నీకు?"

వినిపించలేదు. ఆ మాట అంటున్నప్పుడు అమ్మ గొంతులో ఉన్నది గర్వమే. ఆ రెండు పేజీలు నాలుగుసార్లు తిరగరాశాను. ఆ తిరగరాతల్లో తెలిసిన విషయాలు ఇక్కడ వరసగా చెబుతున్నాను. మీరు కథ రాస్తున్నా, నివాళి రాస్తున్నా, సన్మాన పత్రమో వార్తో రాస్తున్నా, పట్టు వదలని మనిషి ఎదురైనప్పుడు ఇవి పనికొస్తాయి.

1. మాట కంటే ముందు మీ అభిప్రాయం తేల్చుకోండి

లొంగకపోవడం అనే గుణానికి తెలుగులో ఏ పక్షమూ తీసుకోని మాట దొరకడం కష్టం. పట్టుదల అంటే మెచ్చుకున్నట్టు. మొండితనం అంటే చాలాసార్లు విసుక్కున్నట్టు. పంతం అంటే ఎదుటివాడి మీద గెలవాలన్న కోరిక కూడా అందులో కలిసి ఉన్నట్టు. మీరు ఏ మాట వాడినా ఆ మనిషి మీద మీ అభిప్రాయం చెప్పేసినట్టే. అందుకే రాయడానికి ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. అతను పట్టుకున్నది ఏమిటి: పనా, మాటా, అహమా? ఎవరి ముందు పట్టుకున్నాడు? ఈ వాక్యం ఎవరి నోటి నుంచి వస్తోంది?

మూడో ప్రశ్న దగ్గర కాసేపు ఆగండి. ఒక కుర్రాడు తండ్రి చెప్పిన కోర్సులో చేరనన్నాడు అనుకుందాం. తండ్రి "మొండికేశాడు" అంటాడు. స్నేహితుడు "సంగీతమే నేర్చుకుంటానని పట్టుబట్టాడు" అంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత అతని కచేరీకి వచ్చిన విలేకరి "చిన్ననాటి సంకల్పం" అని రాస్తాడు. జరిగింది ఒక్కటే. చూసేవాళ్లు ముగ్గురు.

బీహార్‌లోని గెహ్లౌర్ గ్రామంలో దశరథ్ మాంఝీ 1960 నుంచి 1982 వరకు, అంటే 22 ఏళ్లపాటు, సుత్తీ ఉలీ పట్టుకుని కొండను తొలిచి దారి వేశాడు. మొదట్లో ఊళ్లోవాళ్లు నవ్వారు. ఆయన గురించి మీరు రాస్తూ, తొలి రోజుల్లో ఊరివాళ్ల చేత "ఎంత దీక్షో!" అనిపిస్తే అది అబద్ధంలా ఉంటుంది. అప్పుడు వాళ్ల నోట రావలసింది "వెర్రి మొండితనం". దారి పూర్తయ్యాక దీక్ష అనొచ్చు. ఒకే మనిషికి రెండు మాటలు వాడడం తప్పు కాదు, కాలం మారిందని ఆ రెండు మాటలే చెబుతాయి.

2. "పట్టు" కుటుంబాన్ని బాగా తెలుసుకోండి

ఎక్కువ పని ఈ మాటలతోనే జరుగుతుంది. పట్టు అంటే చేత్తో పట్టుకోవడమే. పట్టుదల చివర ఉన్న "దల" పెరుగుదల, తగ్గుదలల్లో ఉన్నదే, విడుదలలోనూ ఉంది. అంటే పట్టుదల, విడుదల ఒకే అచ్చులో పోసిన మాటలు: ఒకటి పట్టడం, ఇంకొకటి విడవడం. ఇది గమనించిన రోజు నాకు నిధి దొరికినంత సంతోషం కలిగింది.

పట్టుదల ఎక్కువ కాలం సాగేది. ఒక్క గంటలో చూపించే పట్టుదల ఉండదు. "నిన్న సాయంత్రం పట్టుదల చూపాడు" అని రాస్తే ఏదో తేడాగా ఉంటుంది. ఒక సమయంలో ఒక కోరిక మీద నిలబడడం చెప్పాలంటే "పట్టుబట్టాడు" వాడండి. మెచ్చుకోలూ నిందా రెండూ లేని మాటకు దగ్గరగా వచ్చేది ఇదే. "జీతాలు పెంచాలని కార్మికులు పట్టుబట్టారు" అన్న వాక్యంలో రాసినవాడు ఎటువైపో తెలియదు. అందుకే వార్తల్లో ఇది బాగా నప్పుతుంది. కానీ జాగ్రత్త: పట్టుబట్టారు వేరు, పట్టుబడ్డారు వేరు. ఒక్క అక్షరం మారితే, డిమాండ్ చేసినవాళ్లు కాస్తా దొంగతనంలో దొరికిపోయినవాళ్లు అవుతారు. తొందరలో టైప్ చేసేటప్పుడు ఈ తప్పు ఇట్టే దొర్లుతుంది.

మొండిపట్టు, మంకుపట్టు రెండూ నింద వైపే. అయితే మంకుపట్టులో కొంచెం చిన్నపిల్లల చేష్ట ఉంటుంది. అవతలివాళ్లు కారణం చెబుతున్నా చెవిన పెట్టని తీరు అది. పెద్దమనిషికి మంకుపట్టు అంటే అతన్ని కాస్త తక్కువ చేసినట్టు. మీ ఉద్దేశం అదే అయితే వాడండి. ఉడుంపట్టు ఇంకో రకం. ఉడుము గోళ్లతో రాతిని కరుచుకుంటే ఊడదీయడం కష్టం కదా, అలాంటి పట్టు. ఇందులో మంచీ చెడూ లేవు, బలం ఒక్కటే ఉంది. ఆధారం కోసం వెతికే పరిశోధకుడికీ పనికొస్తుంది, కుర్చీ వదలని నాయకుడికీ పనికొస్తుంది.

పట్టింపు మాత్రం ఈ వరసలో చేర్చకండి. అది దేన్నో లెక్కచేయడం, చిన్న విషయాన్ని కూడా మనసుకు తీసుకోవడం. "వాడికి పట్టింపు ఎక్కువ" అంటే వాడు గట్టివాడని అర్థం రాదు.

ఇక ఈ కుటుంబంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి చెబుతాను. "పట్టుదలతో చదివాడు" అంటే ప్రశంస. "పట్టుదలకు పోయి చదువు మానేశాడు" అంటే నింద. మాట మారలేదు. "తో" పోయి "కు పోయి" వచ్చింది, అంతే. తెలుగులో "కు పోవడం" చేరితే గౌరవమైన మాటకూ మచ్చ పడుతుంది. పంతానికి పోయాడు, అహానికి పోయాడు, గొప్పలకు పోయాడు అన్నవన్నీ ఆ దారివే. కాబట్టి మీ వాక్యంలో నామవాచకం సరిగ్గానే ఉన్నా భావం తిరగబడినట్టు అనిపిస్తే, దాని పక్కన ఉన్న విభక్తినీ క్రియనూ చూడండి. తప్పు అక్కడే దొరుకుతుంది.

పట్టూ విడుపూ తెలిసినవాడు అన్న మెచ్చుకోలు కూడా గుర్తుంచుకోండి. లొంగని మనిషిలో వివేకం కూడా ఉందని చెప్పాలంటే ఇంతకన్నా పొదుపైన మాట నాకు కనబడలేదు.

3. "మొండి"ని భయపడకుండా, తెలిసి వాడండి

మొండి అంటే అసలు అర్థం మొనో కొసో లేనిది, తెగిపోయినది, పదును పోయినది. మొండి కత్తి తెగదు. మొండి గోడ మీద కప్పు ఉండదు. తల లేనిది మొండెం. అందుకే మొండి మనిషి అంటే ఎంత చెప్పినా లోపలికి దిగనివాడు. మొండి బకాయి, మొండి జబ్బు కూడా ఇలాంటివే: ఏం చేసినా కదలవు.

ఇప్పుడు పొగిడే వైపు ఉన్న రెండు పెద్ద మాటలు చూడండి. మొక్కవోని ధైర్యం, అకుంఠిత దీక్ష. మొక్కవోవడం అంటే ఆయుధం పదును చెడడం. మొక్కవోని అంటే పదును చెడనిది. కుంఠం అన్నా మొద్దుబారినదే, అకుంఠితం అంటే మొద్దుబారనిది. అంటే మన భాషలో లొంగని మనిషిని తిట్టేటప్పుడు "పదును లేనివాడు" అంటున్నాం, పొగిడేటప్పుడు "పదును పోనివాడు" అంటున్నాం. రెండింటి వెనకా ఉన్నది ఒకే కత్తి. ఇది తెలిశాక నేను ఈ మాటలు ఇష్టం వచ్చినట్టు కలపడం మానేశాను. "మొండి పట్టుదలతో, మొక్కవోని దీక్షతో" అని ఒకే వాక్యంలో రాస్తే ఒక చేత్తో పదును తీసేసి ఇంకో చేత్తో పెట్టినట్టు ఉంటుంది.

రాసేటప్పుడు అకుంఠితలో ఠకారం మరిచిపోకండి. "అకుంటిత" అని రాస్తే కుంటడం గుర్తొస్తుంది.

అయితే మొండి ఎప్పుడూ నిందేనా? కాదు. మొండిధైర్యం అన్నప్పుడు అందులో ఆశ్చర్యం, కొంత మెప్పు ఉంటాయి. గెలుస్తామన్న లెక్క ఏదీ లేకుండా నిలబడే ధైర్యం అది. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అన్న సామెతలో విసుగూ ఉంది, ఒప్పుకోలూ ఉంది. దగ్గరివాళ్లు ప్రేమగా "మొండిఘటం" అంటే అది బిరుదు. దూరపువాళ్లు అంటే ఫిర్యాదు. అందుకే మొండి అన్న మాటను మెప్పుగా వాడాలంటే అది ఎవరో ఆత్మీయుల నోట పలికించండి. రచయితగా మీరే నేరుగా రాసేస్తే చదివేవాళ్లు నిందగానే తీసుకునే ప్రమాదం ఉంది. మా పెద్దమ్మ విషయంలో నేను చేసిన పొరపాటు సరిగ్గా ఇక్కడే: మాట తప్పనుకున్నాను, తప్పు చెప్పేవాళ్లను ఎంచుకోవడంలో ఉంది.

మొరాయించడం గురించి ఒక్క మాట. బండి లాగనని ఆగిపోయిన ఎద్దుకు వాడే ఈ మాట ఇప్పుడు యంత్రాలకు స్థిరపడింది. ఈవీఎంలు మొరాయించాయి, సర్వర్ మొరాయించింది అంటున్నాం. మనిషికి వాడితే అతన్ని జంతువుతోనో యంత్రంతోనో కలిపినట్టే, ఆలోచించి వాడండి.

4. ఎదురుగా ఇంకో మనిషి ఉంటే పంతం వైపు వెళ్లండి

పట్టుదలకు ఒక్కడు చాలు. పంతానికి ఇద్దరు కావాలి. కొండ ఎక్కేవాడికి ఉండేది పట్టుదల. "నువ్వు ఎక్కలేవు" అన్నవాడి కోసం ఎక్కేవాడికి ఉండేది పంతం. పంతం నెగ్గించుకున్నాడు అంటాం కానీ పట్టుదల నెగ్గించుకున్నాడు అనం.

పంతంలోంచి అసలు విషయం జారిపోయి పైకి కనిపించే బిగువు ఒక్కటే మిగిలితే అది బెట్టు. లోపల లొంగిపోవాలని ఉన్నా బయటకు కనబడనివ్వకపోతే బింకం. అలిగిన భార్యాభర్తల సన్నివేశంలో ఈ రెండూ బాగా పనిచేస్తాయి.

భీష్మించుకు కూర్చోవడం ఎంత చిత్రమైన మాటో చూడండి. దేవవ్రతుడు తండ్రి కోసం రాజ్యాన్నీ పెళ్లినీ వదులుకుని ప్రతిజ్ఞ చేసి భీష్ముడయ్యాడు. భీష్మ ప్రతిజ్ఞ అన్న మాటలో ఆ గౌరవం అలాగే ఉంది. దాన్ని క్రియ చేసి "భీష్మించాడు" అనేసరికి మాత్రం గుమ్మంలో కదలకుండా కూర్చుని ఇంట్లోవాళ్లను ఇబ్బంది పెట్టే మనిషి కనిపిస్తాడు. పేరు ఒకటే, బరువు వేరు. ఈ రెండింటినీ కలిపేయకండి.

"ససేమిరా" కూడా కథలోంచి వచ్చిన మాటే. చెట్టు మీద తనకు ఆశ్రయమిచ్చిన ఎలుగుబంటికి ఒక రాజకుమారుడు ద్రోహం చేసి, మతి చెడి, "ససేమిరా" అన్న నాలుగు అక్షరాలే పలుకుతూ ఉండిపోతాడు. ఆ నాలుగూ నాలుగు శ్లోకాల మొదటి అక్షరాలు. ఆ శ్లోకాలు విన్నాకే అతని మతి కుదుటపడుతుంది. ఎవరేం చెప్పినా ఒకే జవాబు వచ్చేచోట ఈ మాట వాడండి. ఇది నిరాకరణకు మాత్రమే సరిపోతుంది, ప్రయత్నానికి పనికిరాదు. "ససేమిరా ఒప్పుకోలేదు" బాగుంటుంది, "ససేమిరా సాధించాడు" అనలేం.

చిన్నపిల్లలకైతే మారాం, పేచీ, పెంకితనం ఉన్నాయి. పెద్ద మాటలు వాళ్ల మీద మోపకండి.

5. సంస్కృతం మాటలకు ఎవరి చోటు వారికి ఇవ్వండి

సంకల్పం, దీక్ష, నిశ్చయం, స్థైర్యం, ధృతి. సన్మాన పత్రాల్లో ఇవన్నీ ఒకదాని వెనక ఒకటి వరస కడతాయి. నిజానికి ఇవి ఒకే పనిలోని వేరువేరు దశలు. సంకల్పం పని మొదలు కాకముందు మనసులో పుడుతుంది. నిశ్చయం దాన్ని ఖాయం చేస్తుంది. పని జరుగుతున్నన్నాళ్లూ నడిపించేది దీక్ష. దెబ్బ తగిలినప్పుడు కదలనివ్వనిది స్థైర్యం. తెలుగులో దానికి నిబ్బరం అని చక్కని మాట ఉంది. ధృతి అంటే పట్టుకుని ఉండడం, మన "పట్టు"కు సంస్కృతంలో అన్నదమ్ముడి లాంటిది. మీ కథ ఏ దశలో ఉందో చూసి ఒక్క మాట తీసుకోండి, చాలు. ఇంకా పని మొదలుపెట్టని వాడికి దీక్ష అంటగట్టకండి.

దీక్ష అన్న మాటకు ఒక షరతు ఉంది: తనకు తాను పెట్టుకున్న నియమం ఉండాలి. కంకణం కట్టుకున్నాడు అన్న నుడికారం అక్కడిదే. దీక్ష పట్టేటప్పుడు చేతికి కట్టిన కంకణాన్ని పని ముగిశాకే విప్పుతారు. ప్రత్యేక ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు 1952 అక్టోబర్ 19న మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. డిసెంబర్ 15న ప్రాణం విడిచారు. ఆయన చివరిదాకా వెనక్కి తగ్గలేదు. అయినా దాన్ని మొండిపట్టు అనడానికి నోరు రాదు. ఎందుకు రాదో ఆలోచిస్తే నాకొక కొలత దొరికింది. మొండిపట్టు ఖరీదు పక్కవాళ్లు కడతారు. దీక్ష ఖరీదు పట్టినవాడే కడతాడు. మాట ఎంచుకునే ముందు, మీ పాత్ర లొంగకపోవడం వల్ల ఎవరికి నష్టం వస్తోందో చూడండి. నష్టం అతనిదే అయితే దీక్ష వైపు, ఇతరులదైతే మొండి వైపు జరగండి. ఇద్దరిదీ అయితే ఏ మాటా వాడకుండా జరిగింది చెప్పండి. అలాంటి మనుషులే ఎక్కువ.

6. పురాణ పురుషుడిని పిలిచేముందు కథ గుర్తు చేసుకోండి

భగీరథ ప్రయత్నం, పట్టువదలని విక్రమార్కుడు. ఈ రెండింటినీ ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటాం. కథలు మాత్రం వేరు. భగీరథుడికి ముందు అంశుమంతుడు, దిలీపుడు అదే పని సాధించలేకపోయారు. భగీరథుడు తపస్సు చేసి గంగను ఒప్పించినా, ఆ ధాటిని భరించడానికి శివుణ్ణి వేడుకోవాలి. శివుడు వదిలాక జహ్నువు మింగేస్తాడు, మళ్లీ ఆయన్ను బతిమాలాలి. ఒక అడ్డు దాటితే ఇంకో కొత్త అడ్డు. తరాలుగా కాని పనిని, వరసగా వచ్చే కొత్త ఆటంకాలు దాటి చేసినప్పుడు భగీరథ ప్రయత్నం అనండి.

విక్రమార్కుడిది అలా కాదు. ఆయన మోసిన శవం మళ్లీ మళ్లీ అదే చెట్టెక్కుతుంది. ఆయన మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఒకే పరీక్ష ఐదోసారి రాసేవాడు, ఒకే ప్రయోగాన్ని నూరోసారి చేసేవాడు విక్రమార్కుడు. చేసినదంతా సున్నా అయినా విసుక్కోకుండా వెనక్కి నడిచే గుణం అది.

7. "ని" విశేషణాలు వాడితే, ఎదురుగా ఏముందో చూడండి

అలసట ఎదురైతే అలుపెరుగని. అధికారం ఎదురైతే తలవంచని. శత్రువు ఎదురైతే మడమ తిప్పని, వెన్ను చూపని. కష్టం మీద పడితే చెక్కుచెదరని. ఆశ చూపితే లొంగని. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పిన టీచర్‌కు "మడమ తిప్పని" అని రాస్తే ఆమె తరగతి గదిలో యుద్ధం చేసినట్టు ఉంటుంది.

8. చివరగా, ఎంచుకున్న మాటను తీసేసి చూడండి

ఇంత వెతికి పట్టుకున్న మాటను కొట్టేయమంటే బాధగానే ఉంటుంది. అయినా ఒకసారి కొట్టేయండి. మిగిలిన వాక్యాల్లో ఆ గుణం కనిపిస్తోందా? "ఆమె చాలా పట్టుదల గల మనిషి" అన్న వాక్యం తీసేస్తే పేరాలో ఏమీ మిగలకపోతే, మీరు ఇంకా ఏమీ చెప్పలేదన్నమాట. ఆమె ఏం చేసింది, ఎన్నిసార్లు చేసింది, ఎవరు వద్దన్నారు, అప్పుడు ఆమె ఏమంది అన్నవి రాయండి. అవన్నీ రాశాక కూడా ఆ మాట లేకపోతే లోటుగా ఉంటే, అప్పుడు దాన్ని వెనక్కి తెచ్చి పెట్టండి. ఒక్కసారే, చివర్లో.

ఇంకొక్క పరీక్ష చేయండి. ఇది నాకు ముఖ్యం. మీ వాక్యంలో స్త్రీ ఉంటే అక్కడ పురుషుణ్ణి పెట్టి చదవండి. అదే పనికి అతన్ని పట్టుదల గలవాడు అనీ, ఆమెను మొండిది అనీ రాస్తున్నారేమో చూసుకోండి. మన నోటికి ఆ అలవాటు బలంగా ఉంది. రాసేటప్పుడైనా దాన్ని పట్టుకోగలిగితే ఆ మనిషికి న్యాయం చేసినవాళ్లం అవుతాం.

మా పెద్దమ్మ పేజీ చివరికి ఇలా మొదలైంది: "పెదనాన్న పోయిన నెల రోజులకు పెద్దమ్మ కుట్టుమిషన్ ముందు కూర్చుంది. డబ్బు సర్దుతామని ఇద్దరు బంధువులు మూడుసార్లు వచ్చారు. మూడుసార్లూ టీ ఇచ్చి పంపించింది. ముగ్గురు పిల్లల చదువులు అయ్యేదాకా ఆ మిషన్ చప్పుడు ఆగలేదు. మా అమ్మ ఇప్పటికీ అంటుంది, 'అక్క మొండిది' అని." అమ్మ ఈసారి పూర్తిగా చదివింది. "మూడుసార్లు కాదు, నాలుగుసార్లు వచ్చారు" అంది.